కాలిన్ కౌంటీ ప్రాపర్టీ టాక్స్: కొత్త ఇంటి వేల్యూ మీద ఇప్పుడే ప్రొటెస్ట్ (అభ్యంతరం) వేయాలా?

టెక్సాస్‌లో ఉన్నవాళ్ళు కొంచెం చెప్పండి ప్లీజ్. పోయినేడాది ఫ్రిస్కోలో కాలిన్ కౌంటీ వైపు కొత్త ఇల్లు తీసుకున్నాం, ఆ ఏడు జనవరి 1కి ఇంకా ఖాళీ స్థలమే కాబట్టి బిల్లు కూడా స్థలానికే వచ్చింది, మా ఆవిడ ఇంతేనా టాక్స్ అని తెగ సంబరపడింది. ఇప్పుడు అప్రైజల్ నోటీసులో (టాక్స్ కోసం ఆస్తికి వేల్యూ కట్టి పంపేది) ఇల్లు కూడా కలిపేశారు, లెండరేమో ఎస్క్రోలో (టాక్స్ కోసం నెలనెలా వాళ్ళ దగ్గర జమ చేసే డబ్బు) షార్టేజ్ అని నెలవారీ కట్టేది పెంచేశాడు.

హోమ్‌స్టెడ్ ఎగ్జెంప్షన్ (మనం ఉండే సొంతింటికిచ్చే టాక్స్ మినహాయింపు) పెట్టాం, స్కూల్ టాక్స్ లెక్కలో ఇంటి వేల్యూలోంచి 1,40,000 డాలర్లు తీసేస్తారు, అంతవరకు ఓకే. నా డౌటల్లా 10 శాతం క్యాప్ (టాక్స్ వేసే వేల్యూ ఏడాదికి అంతకన్నా పెంచకూడదన్న పరిమితి) మీదే. అది ఎగ్జెంప్షన్ వచ్చిన తర్వాతి ఏడాది నుంచి కదా, అంటే ఈసారి వేసిన వేల్యూనే బేస్ అయిపోతుంది, అందుకే మే 15 లోపు ప్రొటెస్ట్ వేసేద్దామని.

బిల్డర్‌కి ఇచ్చినదానికన్నా ఎక్కువే వేశారు. క్లోజింగ్ స్టేట్‌మెంట్ (కొన్న రేటు ఉండే కాగితం) ఒక్కటి చూపిస్తే సరిపోతుందా, చుట్టుపక్కల సేల్స్ కూడా పట్టుకెళ్ళాలా? ఇక్కడ కొన్న రేటు చెప్పాలని రూలేం లేదు, ఊరికే బయటపెట్టకు అని ఫ్రెండొకడు భయపెడుతున్నాడు (వాడిది అద్దిల్లు, అది వేరే సంగతి). మన తరఫున ప్రొటెస్ట్ వేసే ఏజెంట్లేమో తగ్గిన టాక్స్‌లో వాటా అడుగుతున్నారు. సొంతంగా వెళ్ళి తగ్గించుకున్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా?