ఖరీదైన వంటగది కత్తిలో డబ్బు దేనికి పోతుంది?

ఉల్లిపొర: జపాన్‌లోని సకాయిలో చేసిన కూరగాయల కత్తి ధర చూసి కళ్లు తిరిగాయి. ఆ డబ్బుతో మన బజారులో సంచి నిండా కత్తులు వస్తాయి. తయారీ దగ్గరుండి చూసినవారు ఎవరైనా ఉంటే చెప్పండి, అంత ధర దేనికి?

ఒసాకావాసి: సకాయి మాకు పక్కనే, కొలిమిలోకి వెళ్లి చూశాను. అక్కడ ఒక కత్తిని ఒకే మనిషి చేయడు. కొలిమి పని ఒకరిది, సాన పని మరొకరిది, పిడి బిగించేది ఇంకొకరు. మెత్తని ఇనుప పట్టీ మీద గట్టి ఉక్కు ముక్క ఉంచి, మధ్యలో బొరాక్స్, ఇనుప రజను కలిపిన పొడి చల్లి, ఎర్రగా కాల్చి సమ్మెట దెబ్బలతో అతికిస్తారు. కోసే అంచు ఉక్కుది, ఇనుము దానికి వెనకదన్ను. ఆ తర్వాత మట్టి నీళ్ల పూత పూసి ఆరబెట్టి, మళ్లీ కాల్చి నీళ్లలో ముంచుతారు. ఆ పూట లోపల వెలుతురు తగ్గించేస్తారు. ఎండ పడితే ఎరుపు ఛాయలో తేడా తెలియదట. నీళ్లలోంచి తీశాక కత్తి కొద్దిగా వంకరపోతుంది; కన్ను దగ్గర పెట్టి చూస్తూ, చిన్న సుత్తితో టకటకా తట్టి సరిచేస్తారు. నేను ఎక్కువసేపు నిలబడిపోయింది అక్కడే.

లోహపుపిచ్చి: ఆ ముంచడంలోనే సగం కథ ఉంది. ఉక్కును 800 డిగ్రీల దరిదాపులకు కాల్చి గభాలున చల్లారిస్తే రాయిలా గట్టిపడుతుంది, కానీ పెళుసు. అందుకే మళ్లీ 150–200 డిగ్రీల సన్నని వేడిలో ఉంచుతారు. కాస్త గట్టిదనం పోయి, బదులుగా తట్టుకునే శక్తి వస్తుంది. మట్టి పూత వల్ల ఆవిరి పొర అడ్డుపడదు, చల్లారడం సమానంగా జరుగుతుంది. ఇక 'తెల్ల కాగితం', 'నీలి కాగితం' అని ఉక్కు రకాల పేర్లు వినగానే జేబు తడుముకోకండి. అవి ఉక్కుకు అంటించే కాగితం రంగులు. నీలిదానిలో టంగ్‌స్టన్, క్రోమియం కలుస్తాయి కాబట్టి పదును ఎక్కువ కాలం నిలుస్తుంది. కాల్చడం తెలియనివాడి చేతిలో రెండూ ఒకటే.

రైన్‌తీరం: జర్మనీ కత్తులను మరిచిపోతున్నారు. కత్తులకు పేరుపడ్డ అక్కడి జోలింగెన్ ఊరి పేరును చట్టం కాపాడుతుంది, 1938 నుంచి. అక్కడ ఎక్కువగా వాడే ఉక్కులో కార్బన్ అర శాతం, క్రోమియం 15 శాతం వరకు ఉంటాయి. తుప్పు పట్టదు. గట్టిదనాన్ని చెప్పే రాక్‌వెల్ కొలతలో 56 దరిదాపు. జపాన్ కార్బన్ ఉక్కు కత్తులు 60 దాటతాయి. సమ్మెట దెబ్బ తిన్నదే మంచి కత్తి అన్న నమ్మకం మాత్రం నాకు లేదు. రేకులోంచి కోసి చేసినవాటిలోనూ చక్కని కత్తులున్నాయి.

గోదావరిగట్టు: కోనసముద్రం సంగతి ఎవరూ ఎత్తలేదే! నిజామాబాద్ జిల్లాలోని ఆ ఊళ్లో రెండు రకాల ఇనుమును మట్టి మూసల్లో మూసి కరిగించి ఉక్కు చేసేవారు. పర్షియా వర్తకులు వచ్చి కొనుక్కెళ్లేవారు. ఆ విధానాన్ని హెన్రీ వాయ్సీ అనే ఆంగ్లేయ భూగర్భ శాస్త్రవేత్త రాసిపెట్టాడు, 1832లో అచ్చయింది.

లోహపుపిచ్చి: ఆ ఉక్కు ప్రధానంగా కరవాలాలకు వెళ్లిందండీ. వంకాయకు కాదు.

ఉల్లిపొర: సరే, మా బావగారి జపాన్ కత్తితో కొబ్బరికాయ కొట్టగానే అంచు పెచ్చు లేచింది. అది నకిలీయా?

ఒసాకావాసి: నకిలీ అయి ఉండనక్కరలేదు. పలచగా సాన పట్టిన గట్టి అంచు కొబ్బరి చిప్పకు పనికిరాదు, ఎముకకూ పనికిరాదు. వాటికి మచ్చుకత్తి వేరే ఉంచుకోమనండి. ఆ పెచ్చును సానవాడు అరగదీసి సరిచేయగలడు, కత్తి వెడల్పు కొంచెం తగ్గుతుంది. ఇంకో మాట: ఒకవైపే వాలు ఉన్న కత్తులు కుడిచేతివారికి చేసేవి. ఎడమచేతివాటం అయితే ముందే చెప్పి చేయించుకోవాలి, ధర ఇంకా పెరుగుతుంది.

ఉల్లిపొర: మా బావగారిది ఎడమచేతివాటమేనండీ.