కాలేజీలో వికలాంగుల గురించి కోర్సు పెడితే పిల్లల్లో మార్పు వస్తుందా?

గుంటూరు_లెక్చరర్: వికలాంగుల హక్కులు కాలేజీ పాఠాల్లో ఉండాలని 2016 వికలాంగుల హక్కుల చట్టం 39వ సెక్షన్‌లోనే ఉంది, కానీ చాలాచోట్ల ఆ ఊసే లేదు. నేను ఎలెక్టివ్‌గా చెప్తున్నా, సెమిస్టర్ అయ్యేసరికి పిల్లల మాటతీరే మారుతోంది. అందరికీ కంపల్సరీ చేయాలి.

ఖమ్మం_ఎంఏ: కళ్ళకి గంతలు కట్టి నడిపిస్తారా సార్?

గుంటూరు_లెక్చరర్: ఒక గంట. కొందరు ఏడ్చేశారు కూడా.

ఖమ్మం_ఎంఏ: నాకు పుట్టుకతో చూపు లేదు. ఆ గంటలో వాళ్ళకి తెలిసేది భయం, తడబాటు అంతే, నేను స్టిక్ పట్టుకుని బస్సెక్కడం, స్క్రీన్ మీదున్నది పైకి చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌తో చదవడం ఏం తెలుస్తుంది? అమెరికాలో 2014లో వచ్చిన స్టడీలో గంతలు కట్టుకున్నవాళ్ళే, చూపులేనివాళ్ళు ఉద్యోగం చేయలేరని ఇంకా ఎక్కువగా అనుకున్నారు.

బీటెక్_బ్యాచ్: మాకు అటెండెన్స్ కోసం పెట్టారు, ఆ చట్టంలో ఉన్న 21 రకాల వైకల్యాల పేర్లు బట్టీ పట్టాం, అయిపోయింది.

గుంటూరు_లెక్చరర్: ఒక్క గంతలు పట్టుకుని కోర్సు మొత్తం తీసిపారేస్తే ఎలా అండి? చట్టం చెప్తున్నా, ఫీల్డ్ విజిట్ ఉంది.

ఖమ్మం_ఎంఏ: మా హాస్టల్‌కీ ఏటా వికలాంగుల దినోత్సవమని డిసెంబర్ 3న వచ్చి పళ్ళు పంచి ఫొటోలు దిగేవాళ్ళు. డిగ్రీ పరీక్షకి స్క్రైబ్‌గా, అంటే నేను చెప్తుంటే రాసిపెట్టడానికి, ఒక జూనియర్‌ని పంపండ్రా అని బతిమాలితే ఒక్కడూ రాలేదు.

గుంటూరు_లెక్చరర్: మీ కాలేజీ చేసినదానికి నన్నంటారేంటి? మావాళ్ళు పళ్ళు పంచలేదు, పాఠాలు చదివి రికార్డు చేసిచ్చారు.

నల్గొండ_కుర్రోడు: 5% సీట్లు ఇస్తున్నారుగా, ఇంకేం కావాలి? రెండు మార్కుల్లో నా సీటు పోయింది, నాకెవరు కోర్సు పెడతారు?

ఖమ్మం_ఎంఏ: విన్నారా సార్? మీ క్లాసులో ఏడ్చినవాడు కూడా సీటు దగ్గరికొచ్చేసరికి ఇదే అంటాడు. మాకు జాలి వద్దు.

గుంటూరు_లెక్చరర్: నా భార్యకి పోలియో. ల్యాబ్ రెండో అంతస్తులో ఉండేది, తను ఎందుకు రావట్లేదని క్లాసులో ఒక్కరూ అడగలేదు. ఎవరికీ పట్టకపోవడం కంటే జాలే నయం, ఎవరేమన్నా నేను అదే అంటా.

ఖమ్మం_ఎంఏ: నేనొప్పుకోను. జాలిపడ్డవాడు ఆవిడని ఎత్తుకుని మెట్లెక్కిస్తాడేమో, ల్యాబ్ కిందికి దించమని ప్రిన్సిపాల్‌ని అడగడు. పీజీ చేసి, లెక్చరర్ అర్హత పరీక్ష నెట్ (NET) పాసై ఖాళీగా ఉన్న మావాళ్ళున్నారు, ఈ కోర్సు వాళ్ళచేత చెప్పించండి.

గుంటూరు_లెక్చరర్: అడుగుతా. గెస్ట్ ఫ్యాకల్టీకి డబ్బుల్లేవంటారు. అప్పటిదాకా నేనైతే చెప్పడం ఆపను.

ఖమ్మం_ఎంఏ: గంతలు మాత్రం తీసేయండి సార్.