హెచ్9ఎన్2 బర్డ్ ఫ్లూ వచ్చిన షెడ్డులో రేపు హెచ్5ఎన్1 పుడుతుందా?

లేయర్ల రైతు, తణుకు ప్రాంతం:
నమస్కారం డాక్టరు గారూ. మాకు 18,000 లేయర్లు ఉన్నాయి. పది రోజుల్లో గుడ్లు 88 శాతం నుంచి 70 శాతానికి పడిపోయాయి. పెంకులు పాలిపోయాయి, రోజూ నాలుగైదు ట్రేల తోలుగుడ్లు వస్తున్నాయి. రాత్రి లైట్లు ఆర్పాక షెడ్డులో నిలబడితే గురక వినిపిస్తోంది. చావులు మాత్రం రోజుకు ఐదారే. పరీక్షలో తేలికపాటి బర్డ్ ఫ్లూ, హెచ్9ఎన్2 అని తేలింది. 2025 ఫిబ్రవరిలో వేల్పూరులో హెచ్5ఎన్1 బర్డ్ ఫ్లూ వచ్చి కోళ్లను పూడ్చడం దగ్గరుండి చూసినవాడిని, నిద్ర పట్టడం లేదు. ఇదే ముదిరి ఆ ప్రాణాంతక హెచ్5ఎన్1 అవుతుందా? ఇప్పుడే అమ్మేయమని ఇంట్లోవాళ్లు అంటున్నారు.

పశువైద్యుడు:
ముందు అమ్మకం ఆపండి. మీ కోళ్లు లారీ ఎక్కితే వైరస్ కూడా ఎక్కుతుంది.

ఇక మీ ప్రశ్న. హెచ్9 ఎంత ముదిరినా హెచ్5 కాదు. హెచ్ అంటే వైరస్ పైనున్న ముల్లు లాంటి ప్రొటీను. అది కణంలోకి దూరాలంటే ముందు ఒకచోట తెగాలి. తేలికపాటి రకాల్లో దాన్ని కోసే ఎంజైములు కోడి ఊపిరి గొట్టంలోనూ పేగుల్లోనూ మాత్రమే ఉంటాయి, అందుకే జబ్బు అక్కడే ఆగుతుంది. ఆ తెగే చోట ఆర్జినిన్, లైసిన్ అనే అమైనో ఆమ్లాలు వరుసగా చేరాయంటే శరీరమంతటా ఉండే ఫ్యూరిన్ అనే ఎంజైము దాన్ని కోసేస్తుంది. అప్పుడు మెదడు, గుండె, క్లోమం ఏదీ మిగలదు. తమ్మె నీలంగా మారడం, కాళ్ల పొలుసుల కింద రక్తపు చారలు కనిపించడం అందుకే. ప్రకృతిలో ఇలా ప్రాణాంతకంగా మారినవి హెచ్5, హెచ్7 రకాలు మాత్రమే.

ఆ రెండూ తేలికగా ఉన్నప్పుడు ఉపేక్షిస్తే ఏమవుతుందో అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రం చూసింది. 1983 ఏప్రిల్‌లో అక్కడి హెచ్5ఎన్2 చిన్న జలుబులా ఉండేది. అక్టోబరుకల్లా షెడ్లకు షెడ్లను తుడిచిపెట్టింది. సుమారు 1 కోటి 70 లక్షల కోళ్లు పోయాయి.

బ్రాయిలర్ రైతు:
అయితే హెచ్9ఎన్2ను పట్టించుకోనక్కర లేదన్నమాట?

పశువైద్యుడు:
అలా అనుకోకండి, అసలు భయం అక్కడే ఉంది. ఈ వైరస్ జన్యువులు ఒకే పోగు కాదు, ఎనిమిది విడి ముక్కలు. రెండు రకాల వైరస్‌లు ఒకే కణంలో పడితే ముక్కలు కలగాపులగమై 256 రకాల కూర్పులకు వీలుంటుంది. 1997లో హాంకాంగ్‌లో 18 మందికి సోకి ఆరుగురిని చంపిన హెచ్5ఎన్1 లోపలి ఆరు జన్యువులు అక్కడి కౌజు పిట్టల్లోని హెచ్9ఎన్2 జన్యువులతో సరిపోలాయి. 2013లో చైనాలో మనుషులకు సోకిన హెచ్7ఎన్9కూ లోపలి ముక్కలు ఇచ్చింది హెచ్9ఎన్2యే. తాను పెద్దగా చంపదు, చంపేవాటికి సరుకు అందిస్తుంది. మన ప్రాంతంలో హెచ్9, హెచ్5 రెండూ తిరుగుతున్నాయి కాబట్టి మీ షెడ్డులోకి హెచ్5 రాకుండా చూడటమే ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యం.

బ్రాయిలర్ రైతు:
ఏటా టీకా వేసుకుంటే సరిపోదా?

పశువైద్యుడు:
హెచ్9ఎన్2కు భోపాల్‌లోని జాతీయ పశువ్యాధుల సంస్థ తయారుచేసిన టీకా ఉంది. వేయాలో వద్దో మీ పశువైద్యాధికారితో మాట్లాడండి. హెచ్5 సంగతి వేరు. వైరస్ నకలు రాసే ఎంజైముకు తప్పులు దిద్దుకునే గుణం లేదు. ఆ తప్పులు పోగుపడి ముల్లు ఆకారం మారుతుంది, పాత టీకా ఇచ్చిన రక్షణ దాన్ని గుర్తుపట్టదు. మెక్సికోలో 1995 నుంచి హెచ్5ఎన్2కు టీకాలు వేశారు. కొన్నేళ్లలో వైరస్ టీకాకు దూరంగా జరిగింది. అప్పుడు కోడి చావకుండా, పైకి ఏ లక్షణమూ చూపకుండా రెట్టలో వైరస్ వదులుతూ ఉండవచ్చు. టీకా వేసినా నిఘా వదలకూడదని నేను పదే పదే చెప్పేది ఇందుకే.

లేయర్ల రైతు:
అమ్మకం ఆపాను. కోత అయిన చేలలో మేత బాతులను దించారు, మా షెడ్డుకు నూరు గజాలు కూడా లేదు. పక్కనే చెరువు. కోళ్లకు ఆ నీళ్లే.

పశువైద్యుడు:
నేను భయపడుతున్నది సరిగ్గా దానికే. బాతులు జబ్బు కనబడకుండా వైరస్ మోస్తాయి. ఈ రోజే చెరువు నీళ్లు ఆపి బోరు నీళ్లు పెట్టండి, కుదరకపోతే క్లోరిన్ కలిపాకే ఇవ్వండి. బాతుల కాపరితో మర్యాదగా మాట్లాడి మందను దూరం జరిపించండి. షెడ్డుకు వేరే చెప్పులు ఉంచండి. బయటి నుంచి వచ్చిన గుడ్ల ట్రేలు కడగకుండా లోపలికి తేవద్దు. నేను చూసిన ఒక ఫారంలో అన్నీ పాటించి ట్రేల దగ్గర మాత్రం తప్పారు. ఒక్క రోజులో చావులు రెండింతలైనా, మేత, నీళ్లు ముట్టకపోయినా చచ్చిన కోడిని కోసి చూడకండి, పారేయకండి. వెంటనే పశువైద్యాధికారికి ఫోను చేయండి. వారే నమూనాలు తీసి భోపాల్ పంపుతారు.

లేయర్ల రైతు:
సాయంత్రమే బోరుకు పైపు కలిపాను. ట్రేలన్నీ బయట పెట్టించాను, రేపు మందు నీళ్లలో ముంచుతాం.