కోనసీమ రైలుకు పర్యావరణ విచారణ పెట్టాలా, వద్దా?

అమలాపురం నుంచి:
కోటిపల్లి–నరసాపురం లైను 2000-01లో మంజూరైంది. అప్పటి లోక్‌సభ స్పీకర్ బాలయోగి గారు పట్టుబట్టి తెచ్చింది. అప్పుడు పుట్టిన పిల్లలకు పెళ్ళిళ్ళవుతున్నాయి, రైలు మాత్రం రాలేదు. కోటిపల్లి రేవులో పంటు ఎక్కిన ప్రతిసారీ గోదారిలో ఆ వంతెన స్తంభాలు చూస్తే కడుపు తరుక్కుపోతుంది. ఇప్పుడు రైల్వే లైన్లకు కూడా పర్యావరణ అనుమతి, ప్రజాభిప్రాయ సేకరణ పెట్టాలని ఇక్కడ కొందరు అంటున్నారు. పెడితే ఎవరో ఒకరు పర్యావరణ కేసులు వినే గ్రీన్ ట్రిబ్యునల్‌కి వెళ్ళి స్టే తెస్తారు. ఇంకెన్నేళ్ళు చూడాలండీ?

ముమ్మిడివరం వైపు రైతు:
ఆ మాటన్నది నేనేనండీ. రైలు మీకెంత కావాలో నాకూ అంతే కావాలి. కానీ ఏ ప్రాజెక్టులకు పర్యావరణ అనుమతి కావాలో చెప్పే 2006 నాటి కేంద్ర నోటిఫికేషన్ జాబితాలో రైల్వే లైన్లు లేనే లేవు. కొత్త జాతీయ రహదారికి ఆ అనుమతి కావాలి, రైలుకు అక్కర్లేదు. కాబట్టి ఇన్నేళ్ళ ఆలస్యాన్ని దాని మీద వేయలేం. మన లైను ఆగింది డబ్బు దగ్గర, భూసేకరణ దగ్గర. రాష్ట్రం ఇవ్వాల్సిన 25 శాతం వాటా గురించి ఎన్నిసార్లు చదివాం!

నా భయం పట్టాల కింద పోసే మట్టి కట్ట గురించి. మా చేను పక్కన రోడ్డు ఎత్తు పెంచినప్పుడు పాత తూము తీసేసి సన్న పైపు వేశారు. ఆ ఏడు సార్వాలో (వానాకాలం పంటలో) ముసురు పట్టాక నీళ్ళు తొమ్మిది రోజులు కదల్లేదు. వరి దుబ్బు పట్టుకుంటే వేళ్ళ మధ్యే చీకిపోయింది. అడిగితే ‘ప్లాన్‌లో అంతే ఉందండీ’ అన్నారు. 2011లో కోనసీమ రైతులు పంట వేయమంటూ పంట విరామం ప్రకటించినప్పుడు మురుగు కాలువల గోడు కూడా అందులో ఉంది. ఈ డెల్టాలో ఎత్తు కట్ట వేస్తే నీళ్ళు ఎటు పోవాలో ముందే తేల్చాలి.

హైదరాబాద్‌లో ఉంటున్న రాజోలు వాడిని:
ముంబైలో చెట్లు దట్టంగా ఉండే ఆరే ప్రాంతం సంగతి గుర్తుందా? 2019 అక్టోబరు 4న చెట్లు కొట్టొద్దన్న పిటిషన్లను హైకోర్టు కొట్టేసింది. ఆ రాత్రే మెట్రో డిపో కోసం చెట్లు నరకడం మొదలైంది. సుప్రీంకోర్టు 7న ఆపమనేసరికి రెండు వేలకు పైగా పోయాయి. చివరికి డిపో అక్కడే కట్టారు. అటు చెట్లూ దక్కలేదు, ఇటు గొడవతో ఏళ్ళూ పోయాయి.

ముమ్మిడివరం వైపు రైతు:
అందుకే ముందే వినమంటున్నా. స్టే భయం ఉంటే గడువు గట్టిగా పెట్టండి. పర్యావరణ అనుమతి మీద ట్రిబ్యునల్‌కి అప్పీలు 30 రోజుల్లో చేయాలి, సరైన కారణం చూపితే ఇంకో 60 రోజులు, అంతే. రైలుకూ అదే పెట్టండి. కట్ట పోయకముందు ఊరూరా ఒక్క పూట కూర్చుని, మ్యాపు పరిచి, ఏ కాలువ మీద ఎంత వెడల్పు తూమో మా చేత చెప్పించుకోండి.