పైపు ఆర్చీ మోడల్: పెద్ద వంపు దగ్గర లెక్క ఆగిపోతోంది

ప్రశ్న (నల్గొండ): మిర్యాలగూడలో మిల్లు షెడ్డుకు తక్కువ ఎత్తు పైపు ఆర్చీ. రెండు కొసలూ పిన్, నడుమ లోడు. కంప్యూటర్ మోడల్‌ల (ఫైనైట్ ఎలిమెంట్) ఆర్చీని 6 వంపు ముక్కలు (ఎలిమెంట్లు) చేసిన, ఒక్కోదానికి మూడు నోడ్లు (కలిపే బిందువులు), ఫుల్ ఇంటిగ్రేషన్ (ముక్కకు 3 గాస్ పాయింట్లు, అంటే గట్టిదనం లెక్కగట్టే చోట్లు). ఆర్చీ మరీ గట్టిగా కనిపిస్తోంది. ఒక లోడు దాటినంక న్యూటన్ పద్ధతి (మళ్లీ మళ్లీ సరిదిద్దుకుంట జవాబుకు చేరే లెక్క) కన్వర్జ్ అయితలేదు, జవాబుకు చేరతలేదు. లోడు పెంచే స్టెప్పు తగ్గించినా అంతే. ఏం చేయాలె అన్నా?

జవాబు: రెండూ వేర్వేరు రోగాలు తమ్మీ. గట్టిదనం మెంబ్రేన్ లాకింగ్. సాగకుండా వంగడం ఎలిమెంట్‌కు చేతకాక, లేని అక్షీయ బలం పుట్టిస్తది. 3 గాస్ పాయింట్లకు బదులు 2 పెట్టు. లెక్క ఆగేది లిమిట్ పాయింట్ (ఆర్చీ మోయగల గరిష్ఠ లోడు) దగ్గర. అక్కడ టాంజెంట్ స్టిఫ్‌నెస్ (ఆ క్షణాన ఉన్న గట్టిదనం) సింగులర్, అంటే ఒక దిక్కున సున్నా అయితది, స్టెప్పుతో పని కాదు. ఆర్క్ లెంగ్త్ (లోడునూ కదలికనూ కలిపి నడిపే పద్ధతి) వాడు, లేదంటే నడిమి నోడ్‌కు లోడు బదులు డిస్‌ప్లేస్‌మెంట్ (కదలిక) ఇచ్చి రియాక్షన్ (అక్కడ పుట్టే ఎదురు బలం) చదువు.

జవాబు (మహబూబ్‌నగర్): రెండు పక్కలూ ఒకటే అనుకుని సగం ఆర్చీనే లెక్కించే సగం మోడల్ మాత్రం వద్దు. చాలా ఆర్చీలు లిమిట్ పాయింట్ కంటే ముందే పక్కకు ఒరుగుతాయి. సౌష్ఠవం ఆ దారిని మూసేస్తుంది. పూర్తి మోడల్‌లో అసౌష్ఠవ బక్లింగ్ మోడ్ (పక్కకు ఒరిగే రూపం) ఆకారంలో చిన్న లోపం పెట్టండి.

జవాబు: ముందు మీ ప్రోగ్రామ్ కోడ్‌ను పరిశోధకులు బాతే, బోలూర్చీల 1979 నమూనా లెక్కతో పరీక్షించి చూడండి. 45 డిగ్రీల వంపు కాంటిలీవర్ (ఒక కొసే బిగించిన దూలం), వ్యాసార్థం 100, సెక్షన్ 1×1, యంగ్ మాడ్యులస్ 1 కోటి, పాయిజాన్ నిష్పత్తి 0, తలానికి లంబంగా 600 లోడు. విడి కొస (29.3, 70.7, 0) నుంచి సుమారు (15.8, 47.2, 53.4)కి రావాలి. రాకపోతే మొదట రొటేషన్లు చూడండి: త్రీడీలో వాటిని వెక్టర్లలా కూడకూడదు, క్వాటర్నియన్ (తిప్పుడును నాలుగు అంకెల్లో రాసే రూపం) లాంటి దానితో అప్‌డేట్ చేయాలి.