బస్సుకు ‘ఆన్’, కారుకు ‘ఇన్’ ఎందుకు?

ప్రశ్న:
నేను పదో తరగతి పిల్లలకు ఇంగ్లీషు బోధిస్తాను. తెలుగులో బస్సుకైనా కారుకైనా ‘లో’ ఒక్కటే సరిపోతుండగా, ఇంగ్లీషులో ‘ఆన్ ద బస్’, ‘ఇన్ ద కార్’ అని వేరువేరుగా ఎందుకు రాయాలని నిన్న ఒక అమ్మాయి అడిగితే, అది వాడుక అని చెప్పి ఊరుకోవలసి వచ్చింది. ఆ జవాబు నాకే తృప్తినివ్వలేదు. దయచేసి వివరించగలరు.

మొదటి జవాబు:
లోపల నిలబడి నాలుగడుగులు వేయగలిగిన బస్సు, రైలు, విమానం, ఓడలకు సాధారణంగా ‘ఆన్’ వస్తుంది. వంగి లోపలికి దూరి కూర్చోవలసిన కారుకు ‘ఇన్’ వస్తుంది. సైకిలు, గుర్రం పైకెక్కి కూర్చునేవి కనుక వాటికి మళ్లీ ‘ఆన్’ వాడాలి.

రెండవ జవాబు:
పిల్లలకు చెట్టును చూపించండి. మనం ‘చెట్టు మీద పిట్ట’ అంటాం. అది కొమ్మల నడుమ, ఆకుల గుబురులో ఉంటుంది కనుక ఇంగ్లీషులో ‘ఇన్ ద ట్రీ’ అవుతుంది. ‘చెట్టుకు కాయలు’ అన్నప్పుడు మాత్రం, కాయ తొడిమతో కొమ్మను అంటిపెట్టుకొని ఉంటుంది కనుక, ‘ఆన్ ద ట్రీ’ అనాలి. గోడకు గడియారం, చొక్కాకు బొత్తాం, వేలికి ఉంగరం: మన ‘కు’, ‘కి’ ఇలా అంటుకొని ఉండటాన్ని తెలిపే చోట్ల చాలావరకు ‘ఆన్’ వస్తుంది. తెలుగు పిల్లలకు ఇంతకన్నా మంచి ఆనవాలు లేదని నా అభిప్రాయం.

మూడవ జవాబు:
మూలను కూడా చేర్చండి. గది మూలన కుర్చీ ఉంటే ‘ఇన్ ద కార్నర్’, వీధి మలుపు దగ్గర దుకాణం ఉంటే ‘ఎట్ ద కార్నర్’ లేదా ‘ఆన్ ద కార్నర్’.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలు. రేపు నల్లబల్ల మీద కాయలతో, పిట్టతో ఒక మామిడిచెట్టు గీసి పాఠం మొదలుపెడతాను.