400 చిన్న బోర్డుల ఆర్డరు: ఒక్కోదానికి ఎంత తగ్గించడం న్యాయం?

రావులపాలెం లేజర్ షాపు

అందరికీ నమస్కారం అండి. రావులపాలెంలో నాది చిన్న లేజర్ కటింగ్ షాపు. ఇళ్ల నేమ్‌ప్లేట్లు, షీల్డులు, గృహప్రవేశం గిఫ్టులు చేస్తుంటాను. కడియపులంకలో నర్సరీ ఉన్న ఒక రైతు మొక్కల దగ్గర గుచ్చే పేరు బోర్డులు అడిగారు. సైజు 6 అంగుళాలు బై 4. ఆకుపచ్చ డబుల్ కలర్ షీటు మీద చెక్కితే లోపలి తెలుపు బయటపడి అక్షరం కనిపిస్తుంది. కింద జీఐ (తుప్పు పట్టకుండా జింకు పూత వేసిన ఇనుము) ఊచ, రెండు రివెట్లు. తెలుగు పేరు, ఇంగ్లీషు పేరు, శాస్త్రీయ నామం మూడూ ఉండాలి.

శాంపిల్‌కి 20 చేసి, ఒక్కోటి 150కి ఇచ్చాను. నచ్చాయి. ఇప్పుడు 400 కావాలి, "ఇన్ని తీసుకుంటున్నాం కదా, 60కి చెయ్యి బాబూ" అంటున్నారు.

నా లెక్క ఇది. షీట్లు 12, ఒక్కోటి 1,200 చొప్పున 14,400. ఊచలు, రివెట్లు 4,800. మెషిన్ ఒక్కో బోర్డుకు 4 నిమిషాలు, అంటే దాదాపు 27 గంటలు, గంటకు 300 వేసుకుంటే 8,000. ఫిల్మ్ పీకడం, తుడవడం, ఊచ బిగించడం 20 గంటలు, కుర్రాడికి 2,000. డిజైన్ 16 గంటలు, 3,200. పాడైనవాటికి, ఆటోకి 1,200. మొత్తం 33,600. అంటే బోర్డుకు 84 అసలే పడుతోంది. 110 చెబుదామనుకున్నాను. మరి 60 అంటే ఏం చెయ్యాలి? ఎక్కువ తీసుకుంటే తగ్గించాలన్నది సరే, ఎంతవరకు?

భీమవరం ఫ్లెక్సీ

తమ్ముడూ, ఆర్డరు వదులుకోకు. ఆషాఢంలో నీ మెషిన్ ఎలాగూ ఖాళీయే కదా? మెషిన్ గంటకు 300, డిజైన్‌కి 3,200 అన్నవి నీ జేబులోంచి బయటికి పోయే డబ్బులు కావు. చేతి నుంచి పోయేది షీట్లకి, ఊచలకి, కుర్రాడికి, ఆటోకి కలిపి 22,400. అంటే బోర్డుకు 56. 60కి చేసినా నష్టం లేదు. 70 అడిగి 65కి ఒప్పుకో. కడియం చుట్టూ వందల నర్సరీలున్నాయి. ఒక తోటలో నీ బోర్డులు కనిపిస్తే పక్క తోటవాళ్లు అడుగుతారు. నేను భీమవరంలో చెరువుల నంబరు బోర్డులు మొదట అసలుకే చేసి ఇచ్చాను. ఈరోజు ఆ పనే నా షాపు అద్దె కడుతోంది.

రావులపాలెం లేజర్ షాపు

అన్నా, ఆషాఢం మాట నిజమే. కానీ లేజర్ ట్యూబు నడిచిన గంటలను బట్టే అరుగుతుంది. అది పోయిన రోజున కొత్తది కొనేది ఆ 300లోంచే. పక్క తోటవాళ్లు వస్తారన్నారు, వస్తే 60కే అడుగుతారు. ఆ రేటు కడియం అంతా తెలిసిపోయాక పైకి లాగడం నా వల్ల కాదు. నా అసలు భయం అదే.

పాలకొల్లు బ్రష్ ఆర్టిస్టు

నేను బ్రష్‌తో బోర్డులు రాసినవాణ్ణి. ఫ్లెక్సీలు రాకముందు దుకాణాల బోర్డులు, లారీల వెనక పేర్లు, ఎన్నికలప్పుడు గోడలు అన్నీ రాశాను. గోడల లెక్క చెబుతాను, మీ సంగతికి పనికొస్తుంది.

ఎన్నికల గుర్తుకు రేకు మీద ఒకసారి స్టెన్సిల్ కోసుకుంటాం. ఆ కోత ఖర్చు ఒక గోడకైనా అంతే, వంద గోడలకైనా అంతే. అందుకని వంద గోడలుంటే గోడకు రేటు తగ్గించేవాళ్లం, మాకూ మిగిలేది. కానీ అదే గోడ మీద అభ్యర్థి పేరు, వార్డు నంబరు చేత్తో రాయాల్సి వస్తే దానికి తగ్గించేవాళ్లం కాదు. వందో పేరు కూడా మొదటి పేరంత పనే.

కాబట్టి బాబూ, 400 బోర్డులు అన్నావు గానీ అందులో పేర్లెన్నో చెప్పలేదు. 400 మందారాలా, 400 రకాలా? ముందు అది తేలాలి.

రావులపాలెం లేజర్ షాపు

పేర్లు 160 అండి. కొన్ని నాలుగైదు కాపీలు, చాలావరకు ఒకటి రెండే.

పాలకొల్లు బ్రష్ ఆర్టిస్టు

అయితే నీది రెండు పనులు. 160 పేర్లు సర్దడం ఒకటి, 400 ముక్కలు కొయ్యడం ఒకటి. రెండింటినీ ఒకే రేటులో కలిపేసి బేరమాడుతున్నావు. విడదీసి చెప్పు. కాపీలకు తగ్గించు, పేర్లకు తగ్గించకు.

కాకినాడ డీటీపీ

డిజైన్‌కి 16 గంటలు ఎందుకండీ? పేర్లన్నీ ఎక్సెల్‌లో పెట్టి, డిజైన్ సాఫ్ట్‌వేర్ కోరల్‌డ్రాలో ప్రింట్ మెర్జ్ చేస్తే (లిస్టులోని పేర్లను అదే డిజైన్‌లో నింపుతుంది) గంటలో అయిపోతుంది కదా.

రావులపాలెం లేజర్ షాపు

ప్రయత్నించానండీ. లిస్టు వాట్సాప్‌లో యూనికోడ్‌లో, అంటే ఫోన్లలో మామూలుగా టైపు చేసే తెలుగులో వచ్చింది. నా పాత కోరల్‌లో అది పెడితే ఒత్తులు ఎక్కడికో పోతున్నాయి. అందుకని అను ఫాంట్లలోకి (డీటీపీలో వాడే పాత తరహా తెలుగు ఫాంట్లు) మార్చుకోవాలి. మార్చాక ప్రతి పేరూ కళ్లతో చూడాలి. "నందివర్ధనం"లో ర్ధ చిన్న సైజులో చెక్కితే ఒత్తు పూడిపోయి ముద్దలా కనిపిస్తుంది, అక్షరం పెంచాలి. "మందారం" ఒక లైన్లో హాయిగా పడుతుంది, దాని కిందే "హైబిస్కస్ రోజా సైనెన్సిస్" పట్టదు. సంపెంగకు లిస్టులో మైఖేలియా అని ఉంది, ఇప్పుడు దాన్ని మాగ్నోలియా చంపాకా అంటున్నారు. ఏది చెక్కాలో ఫోన్ చేసి అడగాలి. ఈ ఫోన్లకే సగం టైం పోతుంది. తప్పు చెక్కితే ఆ ముక్క చెత్తబుట్టకే.

కడియం నర్సరీ

మీకు పని ఇచ్చేది మాలాంటివాళ్లమే కాబట్టి ఒక మాట. కవర్లో చిన్న మొక్కను 30కి, 40కి అమ్ముకునే మాకు బోర్డు 110 అంటే గుండె ఆగినంత పనవుతుంది. 60 అన్నది మిమ్మల్ని తొక్కేయాలని కాదు, మా దగ్గర వెయ్యి మొక్కలు తీసుకున్నవాళ్లకు మేమూ అలాగే తగ్గిస్తాం. అయితే ఒకటి ఒప్పుకుంటాను. మేం తగ్గించేది ఒకే రకం వెయ్యి తీసుకుంటేనే. రకానికి పది చొప్పున వంద రకాలు ఏరిపెట్టమంటే మా రేటూ వేరు, ఎందుకంటే తోటంతా తిరిగి ఏరాలి. మీ పేర్ల సంగతీ అలాంటిదే అనిపిస్తోంది. ఇది ముందే చెబితే మా రైతులకు బాగా అర్థమవుతుంది.

ఇంకో మాట. మూడు లైన్లూ అన్ని బోర్డులకీ అక్కర్లేదు. శాస్త్రీయ నామం అడిగేది పార్కులు, రిసార్టులు వేసేవాళ్లు. మడికొకటి పూర్తి బోర్డు, మిగతా కాపీలకు తెలుగు పేరు ఒక్కటే చాలు. సన్‌బోర్డు మీద చేస్తే ఇంకా తగ్గదా?

రావులపాలెం లేజర్ షాపు

సన్‌బోర్డు అంటే పీవీసీ ప్లాస్టిక్ అండి, లేజర్ కింద పెట్టకూడదు. కాలితే వచ్చే క్లోరిన్ కలిసిన పొగ మనిషికీ మంచిది కాదు, మెషిన్‌నీ తినేస్తుంది. కాపీల మీద ఒక్క పేరే అంటే మాత్రం చాలా తేడా వస్తుంది, చెక్కే టైం సగానికి దిగుతుంది.

తణుకు సీఎన్‌సీ

ఇంతమంది మాట్లాడారు గానీ షీటు సంగతి ఎవరూ అడగలేదు. డబుల్ కలర్ షీటు 1200 బై 600 మిల్లీమీటర్లు కదా. 6 బై 4 అంగుళాలంటే 152 బై 102. పొడుగులో 7, వెడల్పులో 5, మొత్తం 35 ముక్కలే వస్తాయి. మిగిలేదంతా వేస్టు. అదే 145 బై 95కి దించు. 8 బై 6, షీటుకు 48 ముక్కలు. 12 షీట్ల పని 9 షీట్లలో అయిపోతుంది, పాడైనవాటికి 32 ముక్కలు మిగులుతాయి కూడా. 7 మిల్లీమీటర్ల తేడా తోటలో ఎవరికీ కనపడదు. శాంపిల్ 20 చేసేటప్పుడు ఈ ఆలోచన అక్కర్లేదు, 400 అన్నప్పుడు తప్పదు.

రావులపాలెం లేజర్ షాపు

అన్నా, దండం! 3,600 తగ్గింది. అసలు 84 నుంచి 75కి వచ్చింది. నేను సైజు గురించి ఆలోచించనే లేదు.

నరసాపురం లేసు

అన్ని లెక్కలూ చూశాను. ఒక్క విషయం రాయాలనిపించింది. మా ఇంట్లో మూడు తరాలుగా లేసు అల్లుతున్నాం. పెద్ద ఆర్డరు వచ్చిందంటే మాకు సంతోషం కన్నా భయం ముందు వస్తుంది, ఎందుకంటే పీసుకు ఇచ్చే కూలీ తగ్గించాకే ఆ ఆర్డరు మా గడపకు వస్తుంది. దారం ధర తగ్గదు, మధ్యలోవాళ్ల వాటా తగ్గదు, అల్లే చేతిదే తగ్గుతుంది. మీ కుర్రాడి 2,000 మాత్రం ముట్టుకోకండి. 400 ఊచలు బిగించేసరికి వేళ్లు బొబ్బలెక్కుతాయి.

రావులపాలెం లేజర్ షాపు

ముట్టుకోనండీ. మాట ఇస్తున్నాను.

ఈరోజు కడియపులంక వెళ్లి వచ్చాను. ఇలా చెప్పాను: పేరుకు 25 చొప్పున 160 పేర్లకు 4,000, ఇది ఒక్కసారే. ఫైలు నా దగ్గరే ఉంటుంది, వచ్చే ఏడు అవే పేర్లు కావాలంటే ఆ డబ్బు అడగను. మూడు లైన్ల బోర్డు 82, ఒక్క పేరు బోర్డు 65. సైజు 145 బై 95. పేర్లన్నీ కాగితం మీద ప్రింటు తీసి ఇస్తాను, ఆయన చూసి సంతకం పెట్టాకే చెక్కుతాను, ఆ తర్వాత తప్పు దొరికితే ఖర్చు ఆయనది. సగం అడ్వాన్సు.

ఆయన పేరుకు 25 దగ్గర చాలాసేపు ఆగారు. సంపెంగ సంగతి చూపిస్తే ఒప్పుకున్నారు. 82ని 80 చేయించుకున్నారు, సరే అన్నాను. 160 మూడు లైన్లవి, 240 ఒక్క పేరువి. అంతా కలిపి 32,400.

భీమవరం ఫ్లెక్సీ

మంచి రేటే తమ్ముడూ. అయినా నా మాట మీదే ఉన్నాను, పక్క తోటవాళ్ల కోసం నేనైతే ఇంకో రెండు వేలు వదిలేసేవాణ్ణి. శ్రావణం లోపు ఇచ్చేయ్, తర్వాత నేమ్‌ప్లేట్ల గిరాకీ మొదలవుతుంది.

రావులపాలెం లేజర్ షాపు

సోమవారం షీట్లు తెస్తున్నానన్నా. సంతకం కాగితాలు ఆదివారం వస్తాయి.